సకురాబా, ఒకామి, హొరిగుచి: జపాన్ ఫైటర్‌కి ఏ దారి మేలు?

గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోటీ ఎంఎంఏ. జపాన్ ఎంఎంఏ ఫైటర్ ముందు మూడు దారులున్నాయి. ఊళ్లోనే ఉండి సొంత జనం ముందు కొట్లాడటం ఒకటి. అమెరికా వెళ్లి అక్కడి అతిపెద్ద ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీలో ర్యాంకు కోసం పోరాడటం రెండోది. వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లడం మూడోది. ఒక్కో దారికీ ఒక్కో మనిషి గుర్తొస్తాడు: కజుషి సకురాబా, యుషిన్ ఒకామి, క్యోజి హొరిగుచి. వీళ్లలో ఎవరు గొప్ప ఫైటర్ అన్నది ఇక్కడ విషయం కాదు, ఆ చర్చ తెల్లారేదాకా తెగదు. ఎవరి దారిలో నడిస్తే మేలు అన్నదే నా ప్రశ్న.

పేరు ప్రఖ్యాతులే కొలమానమైతే సకురాబా దగ్గరే ఆగిపోవచ్చు. అకితా ప్రాంతంలో పుట్టి, చువో యూనివర్సిటీలో రెజ్లింగ్ చేసి, ప్రో రెజ్లింగ్‌లోకి వచ్చినవాడు. బ్రెజిల్ జుజుత్సు వీరులైన గ్రేసీ కుటుంబాన్ని ఓడించడం ఎవరి వల్లా కాదని అందరూ అనుకుంటున్న కాలంలో, ఏడాది పైచిలుకులో ఆ ఇంటివాళ్లను జపాన్ ఎంఎంఏ సంస్థ ప్రైడ్ రింగులో నలుగురిని ఓడించాడు. 2000 మే 1న టోక్యో డోమ్‌లో రాయిస్ గ్రేసీతో జరిగిన పోటీ 90 నిమిషాలు సాగింది. రౌండ్లకు లెక్క ఉండకూడదు, రిఫరీ మధ్యలో ఆపకూడదు అని షరతు పెట్టింది గ్రేసీ వర్గమే. పదిహేనేసి నిమిషాల రౌండ్లు ఆరు అయ్యాక ఓటమి ఒప్పుకుని తువ్వాలు విసిరిందీ వాళ్లే. అంతటితో ఇంటికెళ్లాడా అంటే లేదు. అది టోర్నమెంటు కాబట్టి, అదే రాత్రి హెవీవెయిట్ ఇగోర్ వోవ్‌చాంచిన్‌తో మళ్లీ దిగాడు. పదిహేను నిమిషాలు నిలబడ్డాక సొంత మనుషులే ఆట ఆపించారు.

ఆ రాత్రి గురించి అభిమానులు ఇప్పటికీ ఒళ్లు పులకరించి చెప్పుకుంటారు. నాకు మాత్రం ఈ దారిలోని లోటంతా ఆ రాత్రే కనిపిస్తుంది. సకురాబా నిజానికి 84 కిలోల మనిషి. ప్రైడ్‌లో జోడీలు కుదిర్చింది తూకం చూసి కాదు, టీవీలో ఎంతమంది చూస్తారో చూసి. తనకంటే బరువైన వాండర్లే సిల్వాతో మూడుసార్లు కట్టారు, మూడుసార్లూ ఓడాడు. 2002లో మిర్కో క్రోకాప్ దెబ్బకు కంటి గూటి ఎముక విరిగింది. పైగా కిందపడ్డవాడి తల మీద తన్నడం ప్రైడ్ నిబంధనల్లో తప్పు కాదు. 2006లో పోటీలను ప్రసారం చేసే ఫుజి టీవీ తప్పుకోవడంతో ప్రైడ్ పునాది కదిలింది, మరుసటి ఏడాదికి యూఎఫ్‌సీ యజమానుల చేతికి పోయింది. సకురాబా మాత్రం వేరే వేరే రింగుల్లో కొట్లాడుతూనే ఉన్నాడు. 2010 చివర్లో ఒక పోటీలో చెవి దాదాపు ఊడి వచ్చింది. చివరి పోటీ 2015 డిసెంబరులో, 46 ఏళ్ల వయసులో, షిన్యా అయోకి చేతిలో. అది చూడలేక కళ్లు తిప్పుకున్నవాళ్లు చాలామంది. 2017లో యూఎఫ్‌సీ అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. కీర్తికి లోటు లేదు. కానీ జనం అడుగుతున్నంతకాలం ఆపేవాడు లేకపోవడమే ఆ దారి స్వభావం.

ఒకామి కథలో ఇలాంటి రాత్రి ఒక్కటీ లేదు. 2006లో యూఎఫ్‌సీకి వెళ్లాడు, తన బరువులోనే, 84 కిలోల విభాగంలో ఏడేళ్లు ఉన్నాడు. గెలుపులు 13, ఓటములు 5. విదేశీయుడికి అది చిన్న లెక్కేం కాదు. ప్రత్యర్థిని బరి చుట్టూ ఉండే కంచెకు అదిమిపెట్టి, జాబ్ (ముందు చేత్తో చిన్న గుద్దు) కొట్టి, పాయింట్ల మీద గెలిచే పద్ధతి. చూడటానికి చప్పగా ఉంటుంది, ఒప్పుకోవాలి. 2011 ఆగస్టులో రియోలో అప్పటి ఛాంపియన్ ఆండర్సన్ సిల్వాతో టైటిల్ పోటీ దక్కింది. తమాషా ఏమిటంటే, అంతకు అయిదేళ్ల ముందు హోనలూలూలో సిల్వా నిబంధన తప్పి తన్నడంతో ఒకామికి గెలుపు రాసి ఉంది. అప్పటికి సిల్వాను చివరగా ఓడించినవాడిగా రికార్డులో ఉన్న పేరు అతనిదే. రియోలో మాత్రం రెండో రౌండు దాటలేదు. తర్వాత ఇంకొకటి ఓడి, ఆపై వరసగా మూడు గెలిచాడు. 2013 సెప్టెంబరులో జకారే సౌజా చేతిలో ఒక్కసారి ఓడగానే, టాప్ టెన్‌లో ఉండగానే, సంస్థ వదిలించుకుంది. నేల విడవకుండా పనిచేసినవాడికి ఇదా మర్యాద అని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. కాకపోతే అతని శరీరం సకురాబాలా చితికిపోలేదు. ఆ మేరకు ర్యాంకుల పద్ధతే అతన్ని కాపాడింది.

హొరిగుచి ఈ రెండింటినీ చూసి లెక్క వేసుకున్నాడేమో అనిపిస్తుంది. గున్మా కుర్రాడు, కరాటే నుంచి వచ్చాడు, నొరిఫుమి ‘కిడ్’ యమమోతో జిమ్‌లో పెరిగాడు. యూఎఫ్‌సీలో ఎనిమిది పోటీల్లో ఒక్కటే ఓడాడు. అది 2015లో మాంట్రియల్‌లో డెమెట్రియస్ జాన్సన్‌తో జరిగిన టైటిల్ పోటీ. అయిదో రౌండులో ఇంకొక్క సెకను ఉందనగా ఆర్మ్‌బార్‌కు (మోచేతిని వెనక్కి విరిచే పట్టుకు) చిక్కాడు. ఒప్పందం ముగిశాక ఉండిపోవచ్చు. ఉండకుండా, 26 ఏళ్లకే జపాన్ ఎంఎంఏ సంస్థ రిజిన్‌కు వచ్చేశాడు. ప్రాక్టీసు మాత్రం ఫ్లోరిడాలోని అమెరికన్ టాప్ టీమ్ జిమ్‌లోనే. నా దృష్టిలో అతని తెలివంతా ఇందులోనే ఉంది: డబ్బూ జనమూ టోక్యోలో, కోచింగ్ అమెరికాలో.

2017 చివర్లో రిజిన్ టోర్నమెంటు గెలిచాడు. మరుసటి ఏడాది కిక్‌బాక్సింగ్‌లో ఆ ఆట స్టార్ టెన్షిన్ నసుకవాతో దిగి, ఓడినా పేరు పెంచుకున్నాడు. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో డేరియన్ కాల్డ్‌వెల్‌ను ఓడించి, చేతిలో రిజిన్ బెల్టు ఉండగానే అమెరికా సంస్థ బెల్లటర్ బెల్టూ అందుకున్నాడు. రెండు నెలలకే నగోయాలో కై అసకురా చేతిలో 68 సెకన్లలో కుప్పకూలాడు, తర్వాత మోకాలికి ఆపరేషన్. ఇక్కడే సకురాబాకీ ఇతనికీ తేడా తెలుస్తుంది. సకురాబాను ఇలాంటి ఓటమి తర్వాత ఇంకా పెద్దవాడి ముందుకు తోసేవాళ్లు. హొరిగుచి రెండు బెల్టులూ వదులుకుని, ఏడాదికి పైగా ఆగి, 2020 డిసెంబరు 31న అదే అసకురాను మొదటి రౌండులోనే పడగొట్టాడు. 2025లో మళ్లీ యూఎఫ్‌సీకి వెళ్లాడు.

కాబట్టి నా ఓటు హొరిగుచి దారికే. ఎప్పుడు కొట్లాడాలో, ఎప్పుడు ఆగాలో చాలావరకు తనే తేల్చుకోగలిగాడు. అయితే ఆ దారి అందరికీ తెరిచి లేదు. అతనిది 57, 61 కిలోల లోకం. జపాన్‌లో ఆ బరువుల్లో మంచి ప్రత్యర్థులకు కొదవ లేదు, కాబట్టి ఇంట్లోనూ గట్టి పోటీ దొరికింది. 84 కిలోల కుర్రాడికి అది దొరకదు. అతను ఒకామిలాగే విమానం ఎక్కాలి, ఎక్కేముందు గెలిచే పద్ధతిని కాస్త చూడముచ్చటగా మార్చుకోవాలి.