ఎస్పీ రోడ్‌లో వైరస్ క్లీనింగ్: మౌస్ ఆగిపోతే ఫార్మాట్‌కు ఒప్పుకోవాలా?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మనవాళ్ల లాప్‌టాప్‌లలోకి వైరస్ ఎక్కువగా రెండు దారుల్లో దూరుతుంది. ఒకటి రెజ్యూమె ప్రింటు కోసం జిరాక్స్ షాపులో పెట్టి తీసిన పెన్‌డ్రైవ్. రెండోది డబ్బు కట్టకుండా దించుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్. యాంటీవైరస్ దాన్ని పట్టుకుని తీసేస్తుంది. రీస్టార్ట్ చేశాక చూస్తే తెరమీద బాణం ఉన్నచోటే ఉండిపోతుంది, మౌస్ అడుగున ఎర్రలైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆ స్థితిలో లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, కంప్యూటర్ షాపుల వీధి ఎస్పీ రోడ్‌కి బయల్దేరేవాళ్ల కోసం ఈ సమీక్ష. ఇది ఏ ఒక్క షాపు గురించీ కాదు. ఆ వీధి కౌంటర్ల మీద, ఇంటికొచ్చే టెక్నీషియన్ల దగ్గర, ఫోన్ మీద రిమోట్‌గా ‘వైరస్ క్లీనింగ్’ పేరుతో అమ్ముడయ్యే సేవ గురించి.

ముందు మా తీర్పు. మౌస్, కేబుల్, యూఎస్‌బీ పోర్టు బాగున్నాయో లేదో తేల్చుకోవడానికి ఎస్పీ రోడ్ చాలా మంచి చోటు. పక్క మౌస్ తీసి మీ పోర్టులో, మీ మౌస్ తీసి వాళ్ల మెషీన్‌లో పెట్టి రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. వైరస్ పోయాక విండోస్‌లో మిగిలిన గాయం సంగతికొస్తే చాలా కౌంటర్ల దగ్గర ఒకటే మందు ఉంది: ఫార్మాట్. దాంతో మౌస్ కదులుతుంది, కాదనలేం. కానీ అవసరమైనప్పుడూ అదే, అవసరం లేనప్పుడూ అదే. కాబట్టి డబ్బు మాట్లాడుకునే ముందు విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, మౌస్ ఎందుకు ఆగిందో చెప్పే ఎర్రర్ కోడ్ చదివే మనిషి ఎక్కడ దొరికితే అక్కడే పని ఇవ్వండి.

ఆ కోడ్‌కి ఎందుకంత విలువో తెలియాలంటే మౌస్ కదలిక విండోస్‌లోకి వచ్చే దారి చూడాలి. యూఎస్‌బీ పోర్టులో దిగిన సంకేతం హిడ్‌యూఎస్‌బీ అనే డ్రైవర్‌కీ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామే డ్రైవర్), అక్కణ్నుంచి మౌహిడ్‌కీ, చివరికి మౌక్లాస్‌కీ చేరుతుంది. ఈ వరుసలో మధ్యలో నిలబడి వచ్చేపోయే సమాచారాన్ని చూడగలిగే ఫిల్టర్ డ్రైవర్లను చేర్చే వీలు విండోస్ ఇచ్చింది. వాటి పేర్లు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్ అనే జాబితాలో ఉంటాయి. టచ్‌ప్యాడ్, మౌస్ కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్ కూడా ఈ వీలు వాడుకుంటుంది. మనం కొట్టే కీలను దొంగచాటుగా రాసుకునే కీలాగర్లూ అంతే. యాంటీవైరస్ ఆ దొంగ డ్రైవర్ ఫైలును తీసేసి, జాబితాలో పేరు మాత్రం వదిలేసిందనుకోండి. బూట్ అవుతున్నప్పుడు విండోస్ ఆ పేరుగల ఫైలు కోసం వెతుకుతుంది, దొరకదు, దాంతో మొత్తం మౌస్‌నే మొదలుపెట్టకుండా ఆపేస్తుంది. అప్పుడు కనిపించేది కోడ్ 39, ఒక్కోసారి కోడ్ 19. వైరస్ పోయిన తర్వాతే మౌస్ ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు.

మిగతా కారణాలూ ఉన్నాయి. డ్రైవర్ సర్వీసు రిజిస్ట్రీలో స్టార్ట్ అనే విలువను 4 చేసేస్తే ఆ సర్వీసు డిసేబుల్ అయినట్టే, అప్పుడు కోడ్ 32 వస్తుంది. డ్రైవర్ ఎవరిదో చెప్పే డిజిటల్ సంతకం సరిపడకపోతే కోడ్ 52. డ్రైవరే లేకపోతే కోడ్ 28. ఒకప్పుడు జీరోయాక్సెస్ లాంటి రూట్‌కిట్లు, అంటే విండోస్ లోతుల్లో దాక్కునే వైరస్‌లు, విండోస్ సొంత డ్రైవర్ ఫైళ్ల మీదే ఎక్కి కూర్చునేవి. యాంటీవైరస్ వాటిని పట్టి విడిగా బంధిస్తే (క్వారంటైన్) అసలు డ్రైవరూ పోయేది. 64 బిట్ విండోస్‌లో డ్రైవర్ సంతకం తప్పనిసరి అయ్యాక, బూట్ సమయంలో సంతకం లేనివాటిని అడ్డుకునే సెక్యూర్ బూట్ వచ్చాక అది బాగా తగ్గింది. ఈ రోజుల్లో ‘డ్రైవర్ అప్‌డేటర్’ పేరుతో ఉచితంగా దిగే ప్రోగ్రాములనూ, సగంలో తీసేసిన పాత యాంటీవైరస్‌లనూ కూడా అనుమానించాలి. కోడ్ 43 వచ్చినా, అసలు ఏ కోడూ లేకుండా డివైస్ మేనేజర్‌లో మౌస్ పేరే కనిపించకపోయినా, ముందు చూడాల్సింది కేబుల్, పోర్టు, మౌస్.

ఎర్రలైటును చూసి మోసపోవద్దు. యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి: 5 వోల్టులకు ఎరుపు, గ్రౌండ్‌కి నలుపు, డేటాకి తెలుపు, ఆకుపచ్చ. చవక మౌసుల్లో ఈ రంగులు మారుతుంటాయి కూడా. లైటుకు మొదటి రెండూ చాలు. డేటా తీగ తెగినా లైటు వెలుగుతుంది. తెగేది ఎక్కువగా మౌస్ నుంచి కేబుల్ బయటికొచ్చే మెడ దగ్గరే.

షాపుకి వెళ్లకముందే ఇంట్లో చేయగల ఒక పరీక్ష ఉంది. దీనికి పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో షట్‌డౌన్ అని రాసి, ఖాళీ వదిలి స్లాష్ ఆర్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్ ఓ అని ఎంటర్ కొట్టండి. కాసేపటికి రీస్టార్ట్ అయి రికవరీ తెర వస్తుంది. అది మీ విండోస్ రిజిస్ట్రీని వాడదు, సొంత డ్రైవర్లతో నడుస్తుంది. అక్కడ బాణం కదిలిందా, మీ మౌస్ శుభ్రంగా ఉంది, జబ్బు విండోస్‌లో ఉంది. కొత్త మౌస్ కొనడం దండగ. అక్కడా కదలకపోతే వేరే పోర్టులో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి.

టచ్‌ప్యాడ్ పనిచేస్తోంది కాబట్టి విండోస్ బాగుందనుకోవడం పొరపాటు. కొత్త లాప్‌టాప్‌ల ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ మౌక్లాస్ గుండా వెళ్లదు. పాతరకం టచ్‌ప్యాడ్, యూఎస్‌బీ మౌస్ రెండూ ఒకేసారి పోతే మాత్రం అప్పర్‌ఫిల్టర్స్ మీదే గట్టి అనుమానం.

బాణం లేకుండా పని నడపడం కష్టమేమీ కాదు. నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డ్ అయితే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ కలిపి నొక్కి, వచ్చిన ప్రశ్నకు ఎంటర్ కొడితే మౌస్ కీస్ మొదలవుతుంది. 8, 2, 4, 6 అంకెలతో బాణం కదులుతుంది, 5తో క్లిక్. డివైస్ మేనేజర్‌కి విండోస్ కీతో ఎక్స్, తర్వాత ఎమ్. ట్యాబ్, బాణం కీలతో మౌస్ వర్గం దాకా వెళ్లి, కుడి బాణంతో దాన్ని తెరిచి, మౌస్ మీద ఆల్ట్ ఎంటర్ కొడితే కోడ్ కనిపిస్తుంది. ఆ అంకె కాగితం మీద రాసుకోండి.

ఇక బాగుచేసే వరుస. ఇది తలకిందులైతే ఎంత చేసినా వృథా: ముందు వైరస్ పూర్తిగా పోవాలి, తర్వాతే మరమ్మతు. వైరస్ ఇంకా లోపల ఉంటే మీరు దిద్దిన రిజిస్ట్రీని అదే మళ్లీ చెరుపుతుంది. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ కింద మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. మెషీన్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ నడుస్తుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. 15 నిమిషాలు పడుతుంది, పైసా ఖర్చు లేదు. కౌంటర్ మీద డబ్బు తీసుకుని చేసే స్కాన్ దీనికంటే గొప్పదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా ఉచిత బాట్ రిమూవల్ టూల్స్ ఉన్నాయి.

తర్వాత రిజిస్ట్రీ. రెజ్‌ఎడిట్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ దాకా వెళ్లాలి. అక్కడ పొడవాటి నంబర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయి. మౌస్‌ది 4డీ36ఈ96ఎఫ్ అని మొదలవుతుంది. కీబోర్డ్‌ది 4డీ36ఈ96బీ. ఒక్క అక్షరమే తేడా, కంగారులో కీబోర్డ్‌ది చెడగొట్టుకుంటే చేతిలో ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. ఏదీ ముట్టుకోకముందే ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. అప్పర్‌ఫిల్టర్స్ తెరిస్తే మౌక్లాస్ తప్పకుండా ఉండాలి. దానితో పాటు వేరే పేరు ఉంటే, సిస్టమ్32లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లో అదే పేరుతో ఫైలు ఉందేమో వెతకండి. ఫైలు లేదంటే ఆ ఒక్క పేరునే తీసేయండి. ఉంటే దాని ప్రాపర్టీస్‌లో సంతకం ఎవరిదో చూడండి. పేరున్న మౌస్, టచ్‌ప్యాడ్ కంపెనీదైతే వదిలేయండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అప్పర్‌ఫిల్టర్స్ మొత్తం డిలీట్ చేయమనే సలహా అంతటా తిరుగుతూ ఉంటుంది. అది సీడీ డ్రైవ్ కనిపించనప్పుడు చేసే వైద్యం. సీడీ డ్రైవ్‌కి ఆ జాబితా లేకపోయినా నడుస్తుంది. మౌస్‌కి మౌక్లాస్ లేకపోతే అసలు నడవదు, కీబోర్డ్‌కి కేబీడీక్లాస్ కూడా అంతే. మీ ఎదురుగా టెక్నీషియన్ ఆ జాబితా మొత్తాన్ని ఎంచుకుని డిలీట్ మీద వేలు పెడితే అక్కడే ఆపండి.

జాబితా సరిచేశాక డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపడుతుంది. అప్పటికీ కోడ్ 39 పోకపోతే డ్రైవర్ ఫైలే చెడి ఉండొచ్చు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు డిస్మ్ రిస్టోర్‌హెల్త్, అది ముగిశాక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపాలి. ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లను తెచ్చుకునే నిల్వను డిస్మ్ బాగుచేస్తుంది, అందుకే ఈ క్రమం. దీనికి నెట్ ఉండాలి.

మౌస్, కీబోర్డ్ రెండూ పోయినవాళ్లు షాపుకి డబ్బిచ్చి చేయించుకోవడం న్యాయమే. రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లోంచి విండోస్ రిజిస్ట్రీ ఫైలును బయట నుంచి లోడ్ చేసి దిద్దాలి. అక్కడ కరెంట్‌కంట్రోల్‌సెట్ అనే పేరు కనిపించదు, సాధారణంగా కంట్రోల్‌సెట్001లో పని చేయాలి. ఈ సంగతి తెలిసిన మనిషికి అడిగినంత ఇవ్వొచ్చు. లాప్‌టాప్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, బయల్దేరే ముందే ఫోన్‌లో చూసుకోండి. అది లేక వెనుదిరిగేవాళ్లు తక్కువేం కాదు.

ఫార్మాట్‌కి ఎప్పుడు ఒప్పుకోవాలి? స్కాన్‌లో రూట్‌కిట్ గానీ కీలాగర్ గానీ దొరికితే వెనకాడొద్దు. విండోస్ గుండెకాయ లాంటి కర్నెల్ దాకా వెళ్లిన దాన్ని పూర్తిగా తీసేశామని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫొటోలు, పత్రాలు మాత్రం కాపీ చేసుకోండి, ప్రోగ్రాములు వద్దు. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు ఫోన్ నుంచి ఆ రోజే మార్చేయండి. కానీ ఫార్మాట్ చేసేటప్పుడు ఏ విండోస్ వేస్తున్నారో చూసుకోవాలి. లాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది; అదే ఎడిషన్ మళ్లీ వేస్తే నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఎడిషన్ ఉన్న మెషీన్‌లో ప్రో ఎడిషన్ వేసి, లైసెన్స్ లేకుండా విండోస్‌ని నడిపే యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాముతో నడిపించే చోటు నుంచి లాప్‌టాప్ వెనక్కి తీసుకోండి. ఆ యాక్టివేటర్లతోనే వైరస్ మళ్లీ వస్తుంది. నిజానికి విండోస్‌లోని రీసెట్ దిస్ పీసీలో క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే ఇదే పని ఇంట్లో అవుతుంది, 4 జీబీకి పైగా డేటా పోతుందంతే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఎలాగూ ఫార్మాట్ తప్పనప్పుడు మెషీన్ తట్టుకుంటే విండోస్ 11 అడగండి.

ఇంటికొచ్చే టెక్నీషియన్ల మీద మా అభిప్రాయం మధ్యస్థం. మీ కళ్లెదుటే చేస్తారు, అది మంచిది. విడి భాగాలు చేతిలో ఉండవు, అది లోటు. రిమోట్ సపోర్ట్ మాత్రం ఈ పనికి వద్దే వద్దు. తెరమీద వైరస్ హెచ్చరికతో పాటు ఫోన్ నంబర్ కనిపిస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ పెట్టదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఎస్పీ రోడ్‌కి వెళ్లాలంటే మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్కపేట గానీ కేఆర్ మార్కెట్ గానీ దిగి నడవొచ్చు. కారు తీసుకెళ్తే పార్కింగ్‌కే సగం పూట పోతుంది. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి. కన్నడ రాకపోయినా తెలుగు, హిందీ కలిపి నెట్టుకు రావచ్చు. కౌంటర్ దగ్గర “అన్నా, ఫార్మాట్ వద్దు. రికవరీలో మౌస్ కదులుతోంది, విండోస్‌లో కోడ్ 39 చూపిస్తోంది, అప్పర్‌ఫిల్టర్స్ చూస్తారా?” అని అడగండి. చూస్తామన్నవాళ్ల దగ్గర కూర్చోండి, లాప్‌టాప్ వదిలేసి రావద్దు. వైర్‌లెస్ మౌస్ అయితే రిసీవర్ మరిచిపోకండి, బ్యాటరీ కొత్తది వేసుకోండి. రిసీవర్‌ని నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులోంచి తీసి నల్లదాంట్లో పెట్టి చూడండి. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రొద వైర్‌లెస్ మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని దెబ్బతీస్తుంది. మౌసే పోయిందని తేలితే మామూలు వైర్ మౌస్‌కి రిపేరు చేయించకండి, కొత్తది కొని బిల్లు అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. వైరస్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ని బాగైన లాప్‌టాప్‌లో మళ్లీ పెట్టేముందు అదే కౌంటర్ దగ్గర లైనక్స్ మెషీన్ ఉంటే దాంట్లో ఫార్మాట్ చేయించుకోండి.