పుస్తకం వేయించుకునేటోళ్లకు: పాలమూరు క్లాక్ టవర్ దగ్గరి డీటీపీ సెంటర్, నా అనుభవం

సినిమాలల్ల రైటర్ అంటే ఎక్కువ ఒకటే తీరు చూపిస్తరు. మాసిన గడ్డం, సిగరెట్, చుట్టూ ఉండలు చుట్టి పారేసిన కాయితాలు, రాత్రంత రాసుడు, తెల్లారంగనే పుస్తకం తయారు, తర్వాత సీన్ల శాలువా. మధ్యల టైపింగ్ ఉంటది, మూడుసార్లు ప్రూఫులు దిద్దుడు ఉంటదని ఎవ్వరు చూపియ్యరు. నా కవితల పుస్తకం కోసం క్లాక్ టవర్ కాడ గల్లీల ఉన్న చిన్న డీటీపీ సెంటర్ (కంప్యూటర్ల టైపు కొట్టి పేజీలు పెట్టే షాపు) చుట్టు రెండున్నర నెలలు తిరిగిన, అసలు పుస్తకం అక్కడనే పుడ్తదని అప్పుడు తెలిసింది.

నేను ఆర్టీసీల కండక్టర్ని. నాగర్‌కర్నూల్ బస్సు స్టాండ్ల ఆగిన పది నిమిషాలల్ల జేబు నోట్‌బుక్కుల రాసుకుంట. అందుకే జిమ్ జార్ముష్ తీసిన ప్యాటర్సన్ సినిమా అంటే నాకు పాణం, 2016ల వచ్చింది, అండ్ల బస్ డ్రైవర్ బండి తియ్యకముందు స్టీరింగ్ ముందట కూసొని కవిత రాస్తడు, శాలువా లేదు సిగరెట్ లేదు, డ్యూటీ చేస్తడు రాస్తడు అంతే. జిరాక్స్ తీసి పెట్టుమని పెండ్లాం చెప్తనే ఉంటది, ఈయన తియ్యడు, ఆఖరికి కుక్క ఆ నోట్‌బుక్ మొత్తం చింపేస్తది. 1957ల వచ్చిన గురుదత్ ప్యాసా సినిమాలనైతే సొంత అన్నలే హీరో కవితల్ని చిత్తు కాయితాల కింద అమ్ముకుంటరు. ఆ రెండు సీన్లు యాదికొచ్చే నేను సెంటర్‌కు పోంగనే ముందు నా రెండు నోట్‌బుక్కులు జిరాక్స్ తీయించిన, మీరు గూడ తీయించుండ్రి.

టైపింగ్ చేసే చెల్లె చెయ్యి మస్తు స్పీడు, నా కోడిగీతలు గూడ చదివింది. అంతకుముందు హైదరాబాద్‌ల ఒక కాడ ఇస్తే "పోతుండు"ను "పోతున్నాడు" చేసి, "గిట్ల"ను "ఇట్లా" చేసి, మొత్తం నా నోట్లె నాలుక తీసేసి ఇచ్చిండ్రు, పైసలు పోయినయ్ ఏడుపొచ్చింది. ఈమె ఒక్క మాట ముట్టలేదు, అనుమానం ఉన్నకాడ పెన్సిల్‌తోటి గీత గీసి అడిగింది. బొంబాయి బస్సు మీద రాసిన వలస కవిత కొడుతుంటె ఆగి "మా నాయిన గూడ గా బస్సుకే పోయిండన్నా" అన్నది. నా పుస్తకానికి మొదటి పాఠకురాలు ఆమెనే.

ఇగ లెక్కలు. డెమీ సైజుల (మామూలు కవితల పుస్తకాల సైజు) 96 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు (మడిచిన అచ్చు కాయితాలు) ఆరు. టైపింగ్, పేజీలు పెట్టుడు, మూడు ప్రూఫులు కలిపి పేజీకి 40 రూపాయలు తీసుకున్నరు, ప్రింటింగ్ వేరే. టైపింగ్ "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లల్ల చేస్తరు, దాన్ని ఫేస్‌బుక్కుల పెడితే అక్షరాలు పిచ్చి పిచ్చిగ వస్తయ్, కాబట్టి యూనికోడ్ (ఫోన్లల్ల, నెట్ల సక్కగ కనిపించే అక్షరాలు) కాపీ గూడ కావాలని మొదలే చెప్పుండ్రి, నాకు ఇచ్చిండ్రు గని మార్చినంక కొన్ని ఒత్తులు ఎగిరిపోయినయ్, మళ్ల దిద్దుకున్న.

లోటు అంటే కవర్ డిజైన్. అది చేసే పిల్లగాడు పెండ్లి కార్డుల సీజన్ల దొరకడు, నాకు మూడు వారాలు లేటయింది, మొదటిసారి పెన్ను, దీపం బొమ్మ పెట్టిండు, వద్దని బస్సు టికెట్టు బొమ్మ పెట్టించిన. కరెంట్ పోతే పని ఆగుతది, ఇన్వర్టర్ లేదు. ప్రూఫ్ చూస్తానికి పొద్దుగాల పదకొండు లోపల పోండ్రి, ఆ తర్వాత ఆధార్ జిరాక్సులోళ్లు నిండుతరు, కూసోను కుర్చీ గూడ దొరకది.