పాత మిద్దె కొట్టా, కొత్త కాంప్లెక్సా?

నెల్లూరు పెద్దబజారు, స్టోన్‌హౌస్‌పేటల్లో పాత కొట్లున్నవాళ్లను తొలిచే ప్రశ్న ఒకటే: బాగు చేయించాలా, పడగొట్టాలా?

పడగొడితే అంతస్తులు పెరుగుతాయి, పైన అద్దెలొస్తాయి. కానీ ప్లాన్ అప్రూవల్‌కు వెళ్తే రోడ్డు వైపు స్థలం వదలాలి. ఇరుకు కొట్టుకు అది పెద్ద దెబ్బే. మెట్లకు పోగా మిగిలేదెంత? అద్దెకున్నవాళ్లతో పేచీ వేరే.

బాగుచేయడంలో అసలు కిటుకు సున్నం. ఆ మిద్దెలు టేకు దూలాల మీద చిన్న ఇటుకలు పేర్చి, గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవి. గోడ చెమ్మ పీల్చి మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూశారో, చెమ్మ లోపలే ఉండిపోయి, అక్టోబరు-డిసెంబరు ముసుర్లయ్యాక ఉప్పు పూసి పెచ్చులూడుతుంది. తప్పు గోడది కాదు, మేస్త్రీది! ముందు చూడాల్సింది దూలాలు గోడలోకి దూరిన చోట. పుచ్చేది ఎక్కువగా అక్కడే. మేకు గుచ్చితే మెత్తగా దిగిపోతుంది.

నా ఓటు: దూలాలు గట్టిగా ఉంటే రిపేరే. చాలావరకు పుచ్చిపోతే ముందువైపు గోడ, అరుగు, చెక్క తలుపులు ఉంచి వెనక కొత్తది కట్టించండి, అదీ ఇంజినీరుకు చూపించాకే.