ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లూ జాగ్రత్త: పాత కార్బొరేటర్ షాపులో వదిలేసి రావద్దు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత బళ్లు నడుపుతున్నవాళ్లు, ముఖ్యంగా యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కార్బొరేటర్ అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం. స్లో (యాక్సిలేటర్ వదిలాక ఇంజన్ ఆగకుండా నెమ్మదిగా తిరగడం) నిలబడట్లేదని బండి తీసుకెళ్తే కొన్ని షాపుల్లో "కార్బొరేటర్ బాడీ అరిగిపోయింది, ఒరిజినల్ కొత్తది వేసేస్తాం" అని చెప్పి డూప్లికేట్ బిగించి, మన ఒరిజినల్ మాత్రం వాళ్ల దగ్గర ఉంచేసుకుంటున్నారు. మా నాన్న బండికి అదే చేశారు. డబ్బులు పోతే పోయాయి, ఇంకొంచెంలో పిస్టన్ పట్టేసి ఇంజన్ జామ్ అయిపోయేది, అదీ వారధి మీద, వెనకాల లారీలు వస్తుండగా. నాకు కోపం ఎక్కువ దాని గురించే.

బండి 1994 మోడల్, కొన్నది నాన్నే, ఇంకెవరి చేతికీ వెళ్లలేదు. ఈ వానలు మొదలైన దగ్గర్నుంచి పొద్దున పూట చోక్ వేస్తే గానీ స్టార్ట్ అవ్వట్లేదు, స్టార్ట్ అయ్యాక కాసేపు బానే ఉండి బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగేసరికి స్లో పడిపోయి ఆగిపోతోంది, ఒక్కోసారి దానికి రివర్స్‌లో యాక్సిలేటర్ వదిలేసినా రైజింగ్ (ఇంజన్ స్పీడు) దిగకుండా అలా మోగుతూనే ఉంటోంది. నాకు డ్యూటీ ఉండి నాన్నే ఆటోనగర్ వైపు ఒక షాపుకి తీసుకెళ్లారు. అక్కడి కుర్రాడు స్పార్క్ ప్లగ్గు (ఇంజన్‌లో పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వ ఇచ్చేది) తీసి చూడలేదు, ఫ్లోట్ గిన్నె (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) విప్పలేదు, రెండుసార్లు యాక్సిలేటర్ తిప్పి విని "పెద్దాయనా, కార్బొరేటర్ పోయిందండి, ఎన్నిసార్లు క్లీన్ చేసినా మళ్లీ ఇంతే" అన్నాడంట. అట్టపెట్టె మీద మికుని (కార్బొరేటర్లు చేసే జపాన్ కంపెనీ) అని రాసున్న కొత్తది చూపించి 2,800 తీసుకున్నారు, లేబర్ వేరే. నాన్న పాతది ఇమ్మని అడిగితే "తుక్కండి అది, మీకు దేనికి, ఎక్స్‌చేంజ్ కిందే రేటు తగ్గించాం" అన్నారు. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద "కార్బ్ సెట్" అని రాసిచ్చారు, దాని మీద షాపు స్టాంపు కూడా లేదు.

వేసినప్పుడు బండి బానే స్టార్ట్ అయింది, స్లో కూడా నిలబడింది, దాంతో నాన్న నమ్మేశారు. ఆ తర్వాత మంగళగిరి వెళ్తూ కనకదుర్గ వారధి మీద ఫుల్ రైజింగ్ ఇచ్చేసరికి బండి లాగడం మానేసి ఇంజన్‌లోంచి టింగు టింగుమని సౌండ్ మొదలైంది, ఆ బండి మీద ముప్పై ఏళ్ల చెయ్యి కాబట్టి నాన్న వెంటనే క్లచ్ పట్టేసి పక్కకి తీసుకున్నారు, అదే కొత్త కుర్రాడైతే ఏమయ్యేదో. ఇంటికొచ్చాక నేను ప్లగ్గు తీస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

ప్లగ్గు తెల్లగా ఉందంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ వెళ్తోందని. సరిగ్గా ఉంటే లేత గోధుమ రంగులో ఉండాలి, నల్లగా మసి పడితే పెట్రోల్ ఎక్కువ అవుతోందని. నల్ల ప్లగ్గుతో మైలేజీ పోద్ది, పొగొస్తది, అంతే. తెల్ల ప్లగ్గుతో టూ స్ట్రోక్ బండి (ఇంజన్‌లోకి పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా వెళ్లే ఇలాంటి బండి) నడపడం మాత్రం చాలా డేంజర్, ఇంజన్ వేడెక్కిపోయి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌కి పట్టేస్తది, వెనక చక్రం అక్కడికక్కడ లాక్ అయిపోద్ది. ఆయిల్ పంపు తీసేయించి పెట్రోల్‌లోనే 2టీ ఆయిల్ కలుపుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, పెట్రోల్ తగ్గితే దాంతో పాటు ఆయిల్ కూడా తగ్గుద్ది కదా.

గుంటూరులో మా మావయ్యకి తెలిసిన పెద్ద మెకానిక్ ఒకాయన ఉన్నారు, అరండల్‌పేట వైపు, బండి ఆయన దగ్గరికి ఆటోలో వేసుకెళ్లాం. ఆయన ఆ కొత్త కార్బొరేటర్ విప్పి తెల్ల గుడ్డ మీద పెట్టి ఒక్కొక్కటీ చూపించారు. మెయిన్ జెట్ (పెట్రోల్ వెళ్లే చిన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) మీద నంబరే లేదు. మికుని జెట్ అయితే నంబరు ఉంటది, పక్కనే చిన్న చదరం లోపల ఇంకో చదరం గుర్తు కూడా ఉంటది, భూతద్దం పెట్టి చూస్తే క్లియర్‌గా తెలుస్తది. స్లైడ్ (యాక్సిలేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) బాడీలో పెట్టి ఊపితే అటూ ఇటూ కదులుతోంది, అది ఒరిజినల్‌లో కొత్తగా ఉన్నప్పుడు అలా ఆడదు. బాడీ పైన పేరు అచ్చు మసకమసకగా, అంచులకి పోతపోసిన గరుకు అలాగే ఉంది, గోరు తగిలితే గీసుకుంటోంది. ఫ్లోట్ గిన్నె గాస్కెట్ అప్పుడే ఉబ్బిపోయి మళ్లీ గాడిలో కూర్చోవట్లేదు.

అసలు ప్రాబ్లం ఏంటంటే, కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు జాయింట్ కింద వైపు పగిలింది. పైనుంచి చూస్తే బానే కనపడుద్ది, వేళ్లతో వంచితే చీలిక తెరుచుకుంటోంది. అక్కడ్నుంచి దొంగ గాలి లాగుతోంది, అందుకే స్లో నిలబడదు, అందుకే రైజింగ్ దిగదు. మరి కొత్తది వేసినప్పుడు స్లో ఎలా నిలబడింది అంటే, వాళ్లు స్లో స్క్రూ గట్టిగా బిగించేసి పంపించారు, అంతే. రబ్బరు రేటు కార్బొరేటర్ రేటు ముందు ఎంత, చెప్పండి. మంచి బాడీ తీసేసి, పగిలిన రబ్బరు అలాగే ఉంచేసి బిగించారు వాళ్లు.

కాబట్టి ఎవరైనా "కార్బొరేటర్ పోయింది" అంటే ముందు ఇవి చూడండి, లేదా మీ ఎదురుగా చూపించమనండి. ఇంజన్ స్లోలో ఉంచి ఆ రబ్బరు చుట్టూ సబ్బు నీళ్లు కొద్దిగా కొట్టండి, సౌండ్ మారిందంటే అక్కడ గాలి లాగుతోందని అర్థం. పెట్రోల్, కార్బ్ క్లీనర్ స్ప్రే మాత్రం చల్లకండి, వేడి ఇంజన్ మీద మంట లేస్తది. తర్వాత యాక్సిలేటర్ ఎక్కడ ఉన్నప్పుడు ఇబ్బంది వస్తోందో గమనించండి. స్లోలో, పావు వంతు లోపు అయితే పైలట్ జెట్ (స్లోలో పెట్రోల్ ఇచ్చే చిన్న జెట్) సంగతి, చోక్ సగం వేస్తే బండి బానే నడుస్తోందంటే అది మూసుకుపోయినా అయ్యుండొచ్చు, గాలి లాగడమైనా అయ్యుండొచ్చు. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడ్‌కి ఉండే సూది), దాని క్లిప్ ఏ గాడిలో ఉందో చూడాలి. ఫుల్లో మాత్రమే లాగట్లేదంటే మెయిన్ జెట్ గానీ, ట్యాంకు ట్యాప్ దగ్గర జాలీలో చెత్త గానీ. బండి నిలబెడితే పైపులోంచి పెట్రోల్ ఓవర్ అయి కారుతోందంటే ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే పెట్రోల్ ఆపే సూది) దగ్గర చెత్త పడిందో, దాని మొన అరిగిందో. వీటిలో ఏ ఒక్కదానికీ బాడీ మొత్తం మార్చక్కర్లేదు. బాడీ నిజంగా అరిగే చోటు స్లైడ్ పైకీ కిందకీ జారే గొట్టం, అది కూడా మీ కళ్లముందు స్లైడ్ ఊపి చూపిస్తేనే నమ్మండి.

క్లీనింగ్ అంటే కొందరు కిరోసిన్ స్టౌ పిన్నుతో జెట్ పొడుస్తారు. ఆపించండి. జెట్ ఇత్తడిది, మెత్తగా ఉంటది, రంధ్రం కొంచెం పెద్దదైనా లెక్క మొత్తం మారిపోద్ది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టిస్తే చాలు. ఇంకోటి, ఆర్‌ఎక్స్ 100 థ్రాటిల్ కేబుల్ ఒకటి కార్బొరేటర్‌కి, ఇంకోటి ఆయిల్ పంపుకి చీలుద్ది, కార్బొరేటర్ విప్పి బిగించిన ప్రతిసారీ పంపు సెట్టింగ్ కూడా చూడాలి, ఇది చాలామంది పట్టించుకోరు.

ఈ గొడవలు ఇప్పుడే ఎందుకు ఎక్కువయ్యాయంటే నాకు అర్థమైనంతలో రెండు కారణాలు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 (బళ్ల పొగ మీద కొత్త రూల్స్) వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపు ఇంజెక్షనే, కార్బొరేటర్ ఉండదు, కుర్ర మెకానిక్‌లకి జెట్లు ట్యూనింగ్ చేసే పని తగులుతుంటే కదా నేర్చుకోవడానికి. రెండోది బంకుల్లో ఇప్పుడొచ్చే ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమని లాగుద్ది, పాత రబ్బర్లకీ ఓ-రింగులకీ పడదు, మన కృష్ణ ఒడ్డు వానాకాలంలో బండి వారం రోజులు కదలకుండా ఉంటే ఫ్లోట్ గిన్నె అడుగున నీళ్లు దిగి ఉంటున్నాయి. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు ట్యాప్ కట్టేసి, గిన్నె కింద స్క్రూ వదులు చేసి ఉన్న పెట్రోల్ దించేయండి.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, అందుకే మీ బండితో వచ్చిన పాత కార్బొరేటర్ షాపువాడికి తుక్కు కాదు, మంచి రేటుకి అమ్ముకునే సరుకు. విప్పేముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఏ పార్టు మార్చినా పాతది కవర్లో వేసి ఇమ్మనండి, ఎక్స్‌చేంజ్ అంటే ఆ పేరు మీద ఎంత తగ్గించారో బిల్లులో రాయమనండి. జీఎస్టీ నంబరుతో బిల్లు ఇవ్వనంటే అక్కడే బండి వెనక్కి తిప్పేయండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు, 5 లక్షల దాకా కొన్నవాటికి ఫీజు కూడా లేదు. మా దగ్గర చీటీ, యూపీఐ పేమెంట్ రెండూ ఉన్నాయి, 1915లో కంప్లైంట్ పెట్టాం, అందుకే షాపు పేరు ఇక్కడ రాయట్లేదు. ఆటోనగర్‌లో నిజాయితీగా పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరినీ అనుమానించమని కాదు.

నాన్న పాత కార్బొరేటర్‌కి ఫ్లోట్ గిన్నె కింద ఎడమ స్క్రూ తల సగం విరిగి ఉంటది, దాని పక్కన బాడీ మీద మేకుతో గీసిన చిన్న "ర" ఉంటది. పాత ఒరిజినల్ అని ఎవరైనా మీకు అలాంటిది అమ్మజూపితే ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి, ఎక్కడున్నా వచ్చి చూసుకుంటాం.