గోల్డ్ లీఫ్ షీట్ల ప్యాకెట్: మెరుపు బాగుంది, 24 కేరెట్ మాత్రం వట్టిమాట

మూడొందల చిల్లరకి వంద షీట్లు, కూడా చిన్న గమ్ము సీసా, ప్యాకెట్ మీద 24 కేరెట్ గోల్డ్ అని పేద్ద అక్షరాలు. సిరిమాను పండక్కి చుట్టాలొచ్చేలోపు పైడితల్లమ్మ ఫొటో ఫ్రేము, దేవుడి మందిరం గోపురం మెరిపించాలని ఆన్‌లైన్‌లో తెప్పించాం. మెరిసిందా అంటే మెరిసింది. బంగారమా అంటే కాదు, ఇత్తడి.

లెక్కేసుకోండి మరి. అసలు గోల్డ్ లీఫ్ అంటే పల్చగా కొట్టిన బంగారు రేకు, దాని మందం సుమారు 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటర్‌లో పదివేలో వంతు. ఈ షీటు 14 సెంటీమీటర్ల చదరం, అంత పల్చగా కొట్టినా వంద షీట్లకి మూడున్నర గ్రాముల పైనే బంగారం పడతాది, మూడొందలకి ఎవడిస్తాడండీ? ఇది రాగి, జింకు కలిపిన రేకు, మన శ్రీకాకుళం బుడితి ఇత్తడి చెంబుల జాతే. ఇమిటేషన్ లీఫ్ అని రాసి అమ్మితే ఎవరూ ఏమీ అనరు, 24 కేరెట్ అని వేయడం ఎందుకో.

మా బావ దగ్గర అసలుది కొంచెం ఉంటే పక్కన పెట్టి చూసాం. 8 సెంటీమీటర్ల ఆకులు పాతిక, చిన్న పుస్తకంలా కాగితాల మధ్య ఉంటాయి, పాతికా కలిపినా మూడో వంతు గ్రాము బంగారం ఉండదు. వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకుని పోతాది, ఫ్యాను ఆపాలి, గట్టిగా ఊపిరి వదిలినా లేచిపోతాది, మెత్తటి బ్రష్‌తోనే ఎత్తాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి లైటు ఆకుపచ్చగా కనిపించింది, అది చూసి మా పిల్లలు వదిలితే ఒట్టు! ఇత్తడి షీట్లోంచి అలాగ వెలుతురు రాదు. అసలు లీఫ్‌ని అమ్మవారి కిరీటం అంచుకి మాత్రం వేసాం, మొత్తం ఫ్రేముకి వేయాలంటే మన వల్ల కాదు.

ప్యాకెట్ షీట్లు మందం కాబట్టి చేత్తో పట్టుకుని వేసేయొచ్చు, కొత్తవాళ్ళకి ఇదే సుఖం. ముందు చెక్కకి సాండ్‌పేపర్ కొట్టి రెడాక్సైడ్ అనే ఎర్ర ప్రైమర్ వేసాం, రేకు ఎక్కడైనా చిట్లినా కింద ఎర్రగా కనిపించి పాతకాలం పనిలా ఉంటాది. గమ్ము పూసినప్పుడు పాలలా తెల్లగా ఉంటాది, ఆ తెలుపు పోయి, వేలి కణుపు ఆనిస్తే జిగురుగా పట్టి వదిలినప్పుడే షీటు వేయాలి, తొందరపడితే ముడతలు పడి జారిపోతాది. పైన మెత్తటి బ్రష్‌తో అద్ది, మిగిలిన పొట్టు దులిపేయడమే, ఆ పొట్టు కూడా పారేయకండి, చెక్కడం సందుల్లోకి పనికొస్తాది. గమ్ము సీసా మాత్రం మరీ పిసినారితనం, సగం పనికి అయిపోయింది, వేరేది కొనుక్కోవాల్సిందే.

ఫ్రేము చెక్కిన ఆచారిగారు చూసి "బాబూ, ఇత్తడికి గాలి తగలనీకండి, పైన షెల్లాక్ కొట్టీండి" అన్నారు. షెల్లాక్ అంటే లక్కతో చేసే వార్నిష్, అదే కొట్టాం. మందిరం వెనకవైపు ఒక ముక్క కావాలనే వదిలేసి చూసాం, మన సముద్రపు గాలికి వానాకాలం తిరక్కుండానే నల్లబడింది, షెల్లాక్ వేసిన చోట ఇప్పటికీ బానే ఉంది. అసలు బంగారానికి ఈ గొడవ లేదు.

ఇంకోటి, మా పిన్ని ఈ షీట్లు చూసి పండక్కి కాజాల మీద అంటిద్దామా అంది. వద్దండి బాబూ! స్వీట్ల మీద అంటించే తినే రేకు, వరక్ అంటారే, అది వేరు, అది తినడానికని అమ్మేదే కొనాలి. వెండి వరక్‌కి వెయ్యికి 999 పాళ్ళ శుద్ధి ఉండాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు, తయారీలో జంతువుల పేగుల పొరలు వాడకూడదని కూడా 2016లో పెట్టింది. ఈ ప్యాకెట్ మీద అలాంటి మాటే లేదు.

ఐదుకి మూడు స్టార్లు. షీట్లకైతే నాలుగు ఇద్దును, గమ్ముకీ ఆ 24 కేరెట్ అబద్ధానికీ ఒకటి కోసేసా. కొంటే షెల్లాక్ కూడా అదే రోజు తెచ్చుకోండి.