చెరువు నత్తా, తొట్టి నత్తా: ఏది మేలు?

కూరకి నత్తలు కొనేటప్పుడు చాలామంది సైజు చూస్తారు. అంతకంటే ముందు అడగాల్సింది, ఇవి ఏ నీళ్లలోవి అని. విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు వరిమడుల్లో ఏరినవైనా, ఫ్యాక్టరీల పక్క గెడ్డలో (వాగులో) ఏరినవైనా బుట్టలో ఒకేలా కనిపిస్తాయి.

ఎదుగుదల మాటకొస్తే ఇంటి దగ్గర నత్తలు పెంచుకునే సిమెంటు తొట్టిదే పైచేయి అనిపిస్తుంది. మన చెరువుల్లో దొరికే పెద్ద నత్తకు మొప్పతో పాటు ఊపిరితిత్తి కూడా ఉంటుంది. అందుకే చెరువు ఎండితే బురదలోకి దిగి, మూత బిగించుకుని వానల దాకా బతికేస్తుంది. ఆ నెలల్లో మాత్రం ఎదగదు. వానలు పడ్డాక బయటికొచ్చి మేసి, గట్టు పక్క తడిమట్టిలో వందల కొద్దీ తెల్లటి గుడ్లు పెడుతుంది. తొట్టిలో నీళ్లకు కరువుండదు కాబట్టి వేసవిలోనూ మేస్తుంది.

కానీ తొట్టికి దాని తిప్పలు దానికున్నాయి. నత్తలు ఇరుకైతే ఎంత మేత వేసినా గిడసబారిపోతాయి. మిగిలిన తవుడు, ఆకులు కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. సున్నం తక్కువైన నీళ్లలో గుల్ల పలచబడుతుంది. వాననీళ్లు పట్టి పోసేవాళ్లు గుడ్డుపెంకుల పొడైనా వేయాలి. మంచి చెరువులో ఈ పనులన్నీ మట్టి, నాచు, పారే నీరే చూసుకుంటాయి.

పోషకాల్లో నత్తను తక్కువ చేయకూడదు. 100 గ్రాముల మాంసంలో సుమారు 16 గ్రాముల ప్రోటీన్, 3.5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. కొవ్వు గ్రామున్నరకు మించదు, కేలరీలు 90. అదే తూకం కోడిగుడ్డులో ప్రోటీన్ 12, 13 గ్రాములు, కొవ్వు 10 గ్రాముల దగ్గర ఉంటుంది. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలున్న ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు టెన్షన్ పెట్టే సంగతి. సీసం, కాడ్మియం లాంటి లోహాలను నత్త ఒంట్లో పోగేసుకుంటుంది. కాలుష్యాన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు నత్తల్నే పట్టి పరీక్షించేది అందుకే. ఈ లోహాలు ఎక్కువగా చేరేది గుల్ల చివర చుట్టుకుని ఉండే మెత్తటి జీర్ణగ్రంథిలో. దాన్ని తీసేసి గట్టి కండ వండుకుంటే కొంత మేలు. ఉడికిస్తే పురుగులు చస్తాయి గానీ లోహం పోదు.

అందుకే నా ఓటు వానాకాలం మడి నత్తకే, అదీ ఆ పొలంలో ఈమధ్య పురుగుమందు కొట్టలేదని తెలిస్తేనే. విశాఖలో ఫ్యాక్టరీలున్న గాజువాక లాంటి చోట ఉండి, నత్తలు ఎక్కడివో తెలుసుకునే దారి లేకపోతే తొట్టే నయం. గుల్ల చిన్నదైనా నీళ్లు మీ చేతిలో ఉంటాయి. ఫ్యాక్టరీ గెడ్డ నత్తలు ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

వానల్లో తోటల మీద పడే పెద్ద ఆఫ్రికా నత్తను వీటితో కలపొద్దు. 1847లో కలకత్తాకు తెచ్చి వదిలిన జాతి అది. ఎలుకల ఊపిరితిత్తి పురుగును మోస్తుంది, ఆ పురుగు మనిషి మెదడు పొరలకు వాపు తెస్తుంది. పిల్లల్ని దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వకండి. చెరువు నత్తలోనూ ఆ పురుగు ఉండొచ్చు కాబట్టి ఎక్కడివైనా పచ్చిగా, సగం ఉడికినవి తినొద్దు.