పైగేమ్: అరిచే ఎర్రర్లతో బాధ లేదు, తంటా అంతా రెక్ట్‌తోనే

పైథాన్ భాషలో ఆటలు రాయడానికి వాడే పైగేమ్ లైబ్రరీతో చిన్న చిన్న ఆటలు రాయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఇన్‌స్టాల్ చేయడం, విండో తెరవడం లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. దీని మీద నాకున్న కోపమంతా ఒక్క రెక్ట్ మీదే, అంటే బొమ్మ తెర మీద ఎక్కడుందో, ఎంత సైజో దాచుకునే దీర్ఘచతురస్రం మీదే. దాని ఎక్స్‌కో వైకో ఫ్లోట్ (1.5 లాంటి పాయింట్ ఉన్న సంఖ్య) ఇస్తే ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. పాయింట్ తర్వాత ఉన్నదంతా తీసి పారేసి, ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది.

మిగతా చోట్ల పైగేమ్ టైపుల విషయంలో నిక్కచ్చిగానే ఉంటుంది. బొమ్మను తెర మీద వేసే బ్లిట్‌కి బొమ్మ బదులు ఫైల్ పేరు ఇస్తే, ఇక్కడ సర్ఫేస్ (బొమ్మ) కావాలి, స్ట్రింగ్ (అక్షరాల వరుస) కాదు అని అక్కడికక్కడే ఆపేసి లైన్ నంబరు చూపిస్తుంది. పాత 1.9 వెర్షన్‌లో వృత్తం కేంద్రం ఫ్లోట్ అయితే చాలు, ‘ఇంటీజర్ ఆర్గ్యుమెంట్ ఎక్స్‌పెక్టెడ్, గాట్ ఫ్లోట్’ (పూర్ణసంఖ్య కావాలి, ఫ్లోట్ వచ్చింది) అనేది. పైథాన్ 3లో 10ని 2తో భాగించినా 5.0 వస్తుంది కదా, అందుకే స్క్రీన్ వెడల్పులో సగం అని రాసిన చోటల్లా ఇదే గోల. 2020లో వచ్చిన 2.0లో వృత్తాలకు ఫ్లోట్ ఒప్పుకున్నారు. అప్పుడు హాయిగా అనిపించింది.

ఇక అసలు సంగతి. మా అబ్బాయి కోసం మామిడికాయలు పట్టే ఆట రాశాను. పైనుంచి కాయలు రాలతాయి, కింద బుట్ట అటూ ఇటూ జరగాలి. బుట్ట వేగం సెకనుకు 90 పిక్సెల్స్. దాన్ని ఫ్రేమ్‌కి, అంటే తెరను ఒకసారి మళ్లీ గీయడానికి, పట్టిన టైమ్‌తో గుణించి రెక్ట్ ఎక్స్‌కి కలపడం, లేదా తీసేయడం, అంతే. కాసేపు ఆడి వాడన్నాడు: “నాన్నా, ఎడమవైపు కాయలన్నీ దొరుకుతున్నాయి, కుడివైపు అస్సలు అందట్లేదు.” కీబోర్డు మార్చి చూశాను. వేగం, టైమ్ రెండూ ప్రింట్ చేసి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క ఎర్రర్ లేదు.

దొంగ దొరికింది నా స్నేహితుడి కొత్త లాప్‌టాప్‌లో. ఫ్రేమ్ రేటుకి పరిమితి తీసేసి నడిపితే బుట్ట ఎడమకి దూసుకుపోతోంది, కుడికి మాత్రం అంగుళం కదలట్లేదు. కోడ్ అదే, మెషీన్ మారింది, అంతే.

లెక్క వేస్తే అర్థమైంది. 60 ఫ్రేమ్‌ల దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కి కదలాల్సింది సుమారు 1.5 పిక్సెల్. ఎక్స్ 100 ఉంటే కుడికి 101.5, రెక్ట్ దాచుకునేది 101. ఎడమకి 98.5, దాచుకునేది 98. అంటే కుడికి ఒక పిక్సెల్, ఎడమకి రెండు. సెకనుకు 60 ఒకవైపు, 120 ఇంకోవైపు! స్నేహితుడి మెషీన్‌లో ఫ్రేమ్‌కి 5 మిల్లీసెకన్లే పడుతోంది, కదలిక 0.45. కుడికి 100.45 కాస్తా మళ్లీ 100. ఎడమకి 99.55 కాబట్టి 99. మిగిలిన చిల్లర ప్రతి ఫ్రేమ్‌లోనూ జేబులో వేసుకునే కండక్టర్‌లా పనిచేస్తోందన్నమాట. కోత సున్నా వైపు కాబట్టి, బొమ్మ తెర ఎడమ అంచు దాటి ఎక్స్ మైనస్‌లోకి వెళ్లిందంటే ఈ పక్షపాతం తిరగబడుతుంది కూడా.

పరిష్కారం కష్టమేం కాదు. అసలు స్థానాన్ని వెక్టర్2లో (ఎక్స్, వై రెండిటినీ ఫ్లోట్లుగా దాచుకునే పైగేమ్ వస్తువు) ఉంచి, ఫ్రేమ్ చివర రౌండ్ చేసి రెక్ట్‌కి ఇవ్వాలి.

నన్ను ఆశ్చర్యపరిచింది మైపై, కోడ్ నడపకుండానే టైపుల తప్పులు పట్టే టూల్. పైగేమ్ 2తో పాటే టైప్ స్టబ్స్ (దేని టైపు ఏమిటో చెప్పే ఫైళ్లు) వస్తాయి, వాటిలో రెక్ట్ ఎక్స్ ఇంటీజర్ అని స్పష్టంగా రాసి ఉంది. మైపై నడిపితే, ఆట మొదలుపెట్టకుండానే ఇంటీజర్ ఉండాల్సిన చోట ఫ్లోట్ పెడుతున్నావని ఆ లైనే చూపించింది. ఎంత సంతోషమేసిందో! కాకపోతే టైప్ హింట్స్ (ఏది ఏ టైపో కోడ్‌లో మనం రాసే సూచనలు) రాయని ఫంక్షన్ల లోపలికి అది మామూలుగా తొంగిచూడదు, వాటినీ చెక్ చేయమని విడిగా ఆప్షన్ ఇవ్వాలి. సరదాగా రాసే ఆటల్లో హింట్స్ ఎవరు రాస్తారు?

అరిచే ఎర్రర్లన్నీ మంచివేనని కూడా అనలేను. బ్లిట్‌కి స్థానం సరిగ్గా వెళ్లకపోతే ‘ఇన్‌వాలిడ్ డెస్టినేషన్ పొజిషన్’ అంటుంది, వచ్చింది None (ఖాళీ విలువ) అయినా, స్ట్రింగ్ అయినా, ఏదన్నది చెప్పదు. వృత్తాలకు ఫ్లోట్ ఒప్పుకున్నందుకు హాయిగా అనిపించిందన్నాను కదా, ఆ హాయి ఇప్పుడు అంతగా లేదు. పాత గోల ఉన్నప్పుడు స్థానం ఫ్లోట్‌గా మారిన సంగతైనా ముందే తెలిసేది.

పైగేమ్ నుంచి 2023లో విడిపోయిన పైగేమ్ సీఈ (కమ్యూనిటీ ఎడిషన్)లో ఎఫ్‌రెక్ట్ ఉంది, అది పాయింట్ తర్వాతి భాగాన్ని కోసేయకుండా ఫ్లోట్లుగానే దాచుకుంటుంది. నా కొత్త ఆటలన్నీ దానిలోనే. రెండింటి మాడ్యూల్ పేరూ ఒకటే కాబట్టి పాతది తీసేశాకే దీన్ని వేసుకోవాలి.

నేను రాసేవి ఇంట్లో పిల్లలు ఆడుకునే టూడీ ఆటలు, కాబట్టి నాకు ఇది చాలు, వదిలే ఆలోచన లేదు. పెద్ద ఆట అమ్మకానికి తయారుచేసేవాళ్ల అవసరాలు వేరు, వాళ్లకు నా మాట పనికిరాకపోవచ్చు. పిల్లలకు నేర్పేవాళ్లు మాత్రం మొదటి బొమ్మ కదిలించే రోజునే వేగం 1.5 పెట్టి, రెండు వైపులా నడిపి చూపించండి.